మత్తు పడని మనిషి

“మత్తు అక్కర్లేదు డాక్టరమ్మా, ఆమె ఓర్చుకుంటుంది,” అన్నాడు షాయిఫ్.

ఆ మాట అన్నవాడు పక్కన నిలబడ్డ మనిషి. కుర్చీలో కూర్చున్నది అతని భార్య గుసూన్. ఆమెకి నలభై దాటాయి. కుడి దవడ వాచి, చెవి కింది నుంచి మెడ దాకా బిగుసుకుపోయి ఉంది. ముసుగు నుదుటి మీదికి ఎత్తుకుని, కళ్ళు దించుకుని, మొగుడి మాటకి ఔనన్నట్టు చిన్నగా తలాడించింది. తలాడించడానికి కూడా నొప్పే అని డాక్టర్ ఉలూఫ్‌కి కనిపిస్తూనే ఉంది.

ఉలూఫ్ ఈ క్లినిక్‌లో చేరి మూడేళ్ళయింది. మత్తు ఎక్కలేదని ఏడ్చినవాళ్ళని చూసింది, ఇంకో సూది పొడవమని బతిమాలినవాళ్ళని చూసింది, సూది చూడగానే లేచి పారిపోయిన పోలీసాయన్నీ చూసింది. మత్తు అక్కర్లేదని చెప్పిన మనిషిని చూడడం ఇదే మొదలు. అదీ ఇంకొకరి నోటి గురించి.

శనివారం పొద్దున తొమ్మిదిన్నర. ఈ కొండల మధ్య ఊరు ఇబ్‌లో పళ్ళ డాక్టర్ల పనంతా పొద్దుటే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరు ఊరంతా ఖాత్ ఆకు కట్టలు ముందేసుకుని దిండ్లకి ఆనుకుంటుంది. ఎడమ బుగ్గో కుడి బుగ్గో నిమ్మకాయంత ఉబ్బే దాకా ఆకు నములుతూ, ఆ రసం మింగుతూ, లోకంలోని గొడవలన్నీ పరిష్కరిస్తుంది. అప్పుడు నొప్పి ఉన్నవాడికి నొప్పి గుర్తుండదు, డాక్టరుకి తను డాక్టరునని గుర్తుండదు. అందుకని రోగులు పొద్దుటే వస్తారు.

“నోరు తెరవమ్మా, ఎంత వస్తే అంత,” అంది ఉలూఫ్.

రెండు వేళ్ళు దూరేంత తెరుచుకుంది. అద్దం అడ్డంగా పెడితే ఇక దీపం వెలుగు లోపలికి పోలేదు. చిట్టచివరి పన్ను మీద చిగురు ఉబ్బి, కింద చీము పట్టి ఉందని మాత్రం తెలిసింది. ఎక్స్‌రేలో జ్ఞానదంతం నిలువుగా లేదు. పక్క పన్నుకి తల ఆనించి పడుకుని ఉంది. ఇలాంటిది పటకారుతో పట్టి లాగితే వచ్చేది కాదు. చిగురు కోసి, ఎముక కొంచెం చెక్కి, పన్నుని రెండు ముక్కలు చేసి తీయాలి. చెయ్యి తిరిగినవాళ్ళకైనా ముప్పావు గంట పడుతుంది.

“ఇది మత్తు లేకుండా తీసేది కాదండీ,” అంది ఉలూఫ్.

షాయిఫ్ చంకలోంచి ఒక ప్లాస్టిక్ ఫైలు తీశాడు. అతను నీటి పంపులు బాగుచేస్తాడు. గోళ్ళలో నల్లటి గ్రీజు ఉంది గాని, ఫైలు మాత్రం అద్దంలా ఉంది. పెళ్ళాం జబ్బుల కాగితాలన్నీ తారీఖుల వరుసన పెట్టుకున్నాడు. ఒక కాగితం తీసి, రెండు చేతులతో డాక్టరుకి అందించాడు. నాలుగేళ్ళ కిందటిది. ఇదే క్లినిక్కు. పైన ఎర్ర సిరాతో, కింద రెండు గీతలు కొట్టి ఒకటే వాక్యం: *మత్తు మందు పడదు.* కింద సంతకం డాక్టర్ ముతహర్‌ది. క్లినిక్ ఆయనదే. ఇప్పుడు డెబ్బై దాటి, ఆదివారాలు మాత్రం ఒక గంట వచ్చి కూర్చుని వెళ్తున్నాడు.

ఏం జరిగిందని ఉలూఫ్ అడిగింది. గుసూన్ దవడ కదిలేలోపు షాయిఫే చెప్పేశాడు. సూది వేసిన రెండు నిమిషాలకి గుండె దడదడా కొట్టుకుందట, చేతులు వణికాయట, చెమటలు పట్టాయట, కళ్ళు తిరిగాయట. ఆ రోజు పన్ను తీయలేదు. వారం తర్వాత ఇంకో డాక్టరు ఈ కాగితం చూసి మత్తు లేకుండానే తీశాడు. మరుసటేడు వేరే డాక్టరు ఇంకోటి అలాగే తీశాడు.

“రెండు పళ్ళూ మత్తు లేకుండానే తీశారా?”

“తీశారు. నేనే తల కదలకుండా పట్టుకున్నాను,” అన్నాడు షాయిఫ్. గొప్పగా చెప్పలేదు, అలాగని సిగ్గుపడుతూనూ చెప్పలేదు. వర్షంలో బండి తోసిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

గుసూన్ మళ్ళీ తలాడించింది.

ఉలూఫ్‌కి ఒళ్ళు మండింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేకపోయేది. కాగితం మీద సంతకం తన పెద్దాయనది. ఎదురుగా ఉన్నవాడు పెళ్ళాం కాగితాలని ఇంత జాగ్రత్తగా మోసుకు తిరిగే మనిషి. కుర్చీలో ఉన్నావిడ ఒక్క ఫిర్యాదూ చేయడం లేదు. ఇక కోపం ఎక్కడ పెట్టుకోవాలి? ముందు చీము తగ్గాలి, దవడ వదులవ్వాలి, అప్పటిదాకా సూది వేసినా పనిచేయదు అని చెప్పి, మాత్రలు రాసి, గోరువెచ్చటి ఉప్పు నీళ్ళు పుక్కిలించమని, బుధవారం రమ్మంది. మత్తు సంగతి ఈలోగా తేలుస్తానని కూడా అంది.

“తేలేదేముంది, రాసే ఉందిగా,” అంటూ షాయిఫ్ కాగితాన్ని మళ్ళీ ఫైల్లో వరుసన పెట్టుకున్నాడు.

నర్సు తఖియ రోగి కాగితం నింపింది. ఈ క్లినిక్‌కి తఖియ ఉలూఫ్ కంటే పాతది, కుర్చీ కంటే పాతది. చక్కెర లేదు, ఆస్తమా లేదు, గర్భం లేదు, బీపీ లేదు. కింద ఒక గీత: *ఖాత్, చివరిసారి ఎప్పుడు?* అక్కడ తఖియ ఆగకుండా ఒక అడ్డగీత కొట్టి కాగితం దస్త్రంలో పెట్టేసింది. ఆడవాళ్ళ కాగితాల్లో అక్కడ అడ్డగీతే ఉంటుంది.

ఆదివారం డాక్టర్ ముతహర్ వచ్చేసరికి ఉలూఫ్ టీ పెట్టించి ఉంచింది. పెద్దాయన గ్లాసు రెండు అరచేతుల మధ్య తిప్పుతూ, నిన్న ఎవరెవరు వచ్చారో కనుక్కుని, కుర్చీ హైడ్రాలిక్ ఇంకా కీచుమంటోందా అని అడిగాడు. ఆమె పాత కాగితం గురించి చెప్పింది. ఆయన గ్లాసు తిప్పడం ఆపాడు.

నిజమైన ఎలర్జీ అయితే ఒంటి మీద దద్దుర్లు ఉండాలి, పెదవులు వాయాలి, ఊపిరి ఆడకూడదు, అవేవీ కాగితంలో లేవే అని ఉలూఫ్ అడిగింది. గుండె కొట్టుకోవడం, చేతులు వణకడం చూస్తే మత్తు మందు పనిలా లేదు, దాంతో కలిపిన అడ్రినలిన్ పనిలా ఉంది అని కూడా అంది. పొరపాటున సూది రక్తనాళంలోకి పోయి ఉంటుందా అనబోయి, ఆ సూది వేసింది ఈయనే అని గుర్తొచ్చి మింగేసింది.

“పాత సంగతి. ఎందుకు తవ్వుతావమ్మాయ్? రాజధాని సనాకి పంపించు. పెద్దాసుపత్రిలో పూర్తిగా నిద్రపుచ్చి తీస్తారు.”

“దారి పొడుగునా సిపాయిల చెక్‌పోస్టులు దాటుకుంటూ వెళ్ళాలండీ. వాళ్ళు వెళ్ళరు. వెళ్ళకపోగా మత్తు లేకుండా తీసే ఇంకెవడి దగ్గరికో వెళ్తారు.”

ముతహర్ కిటికీలోంచి కొండ మీది మబ్బుల్ని చూశాడు. వానాకాలంలో ఇబ్‌లో చూడ్డానికి ఎప్పుడూ మబ్బులుంటాయి, మాట దాటెయ్యడానికి బాగా పనికొస్తాయి.

“కొన్ని కాగితాలు రోగి కోసం రాస్తాం,” అన్నాడు. “కొన్ని రోగి వెంట వచ్చినవాళ్ళ కోసం రాస్తాం. నీకు ఇంకా చిన్న వయసు.”

అంతే. టీ తాగి, తఖియని ఆమె కొడుకు చదువు గురించి అడిగి వెళ్ళిపోయాడు. ఆయన అన్నదాంట్లో ఉలూఫ్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. రోగి వెంట వచ్చినవాళ్ళకి మత్తు పడితే ఏమిటి, పడకపోతే ఏమిటి?

సోమ, మంగళవారాలు ఆమె చేతులు ఒకరి నోట్లో, బుర్ర ఇంకొకరి నోట్లో. కాలేజీలో పాఠం చెప్పిన ప్రొఫెసరుకి ఫోన్ చేసింది. ఆయన ముప్పై అయిదేళ్ళలో ఈ మందులకి నిజమైన ఎలర్జీ ఒక్కటీ చూడలేదట. “చూసినవన్నీ భయమో, గుండె దడో, డాక్టరు తొందరో,” అన్నాడు. మందు దుకాణం ఆయన్ని అడిగితే అడ్రినలిన్ చెడిపోకుండా కలిపే రసాయనం కొందరికి పడదు, అదై ఉండొచ్చు అన్నాడు. ఆడవాళ్ళకి సూదంటేనే గుండె దడ, అందులో వింతేముంది అంది తఖియ. తఖియ ఆడదే, మూడు కాన్పులు ఇంట్లోనే అయ్యాయి, ఏ సూదికీ దడ పుట్టినట్టు ఎవరూ చూడలేదు.

మంగళవారం మధ్యాహ్నం చివరి రోగి వెళ్ళాక ఉలూఫ్ అలమార తెరిచి రెండు పెట్టెలు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. వేలి పొడుగు గాజు గొట్టాలు. ఎర్ర గీత ఉన్నవి లిడోకెయిన్, అడ్రినలిన్ కలిపింది. ఒకసారి వేస్తే గంటకి పైగా దవడ కొయ్యలా ఉంటుంది, నెత్తురు తక్కువ కారుతుంది, అడ్డంగా పడుకున్న పంటికి దీన్ని మించింది లేదు. కాని గుండెని తట్టి లేపుతుంది. పచ్చ గీత ఉన్నవి మెపివకెయిన్, ఒట్టిది, అడ్రినలిన్ లేదు. గుండె జోలికి పోదు. కాని ముప్పావు గంటకి లోపలి మత్తు జారిపోవడం మొదలవుతుంది. సరిగ్గా ఎముక చెక్కి పన్ను కదిలించే వేళకి. ఇక నిజంగానే మత్తు మందు పడని మనిషే అయితే రెండూ విషమే, కుర్చీలోనే ఊపిరి ఆగిపోవచ్చు. పడదన్న మాట అబద్ధమైతే, ఆమె రెండు పళ్ళు ఊరికే పచ్చిగా పీకించుకుంది, మూడోదీ పీకించుకోబోతోంది.

ఎర్ర గొట్టం చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. పచ్చది తీసుకుంది, పెట్టేసింది. ఎంత ఆలోచించినా ఒకటి తేలితే ఇంకోటి తేలడం లేదు. పరీక్షలకి రాత్రింబగళ్ళు చదివిన పిల్లకి ఇంత చిన్న ప్రశ్నకి జవాబు రావడం లేదని ఏడుపొచ్చింది. తఖియ తాళాలు గలగలలాడించింది. ఉలూఫ్ పెట్టెలు లోపల పెట్టేసి ఇంటికి వెళ్ళింది.

బుధవారం పది గంటలకి వాళ్ళు వచ్చారు. వాపు సగం తగ్గింది. గుసూన్ నాలుగు రోజులుగా గిలక్కొట్టిన మెంతి నురుగూ, మాంసం ఉడికించిన నీళ్ళూ తాగుతూ ఉందని షాయిఫ్ చెప్పాడు. రొట్టె నానబెట్టి ఇచ్చినా మింగలేకపోయిందట. చెబుతూనే అలవాటుగా కుర్చీ తలవైపుకి నడిచి, చేతులు తుడుచుకుని నిలబడ్డాడు.

ఉలూఫ్ చేతి తొడుగులు వేసుకోవడం ఆపి అతన్ని చూసింది. తల పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

“మీరు బయట బెంచీ మీద కూర్చోండి షాయిఫ్‌గారూ.”

“ఎవరు పట్టుకుంటారు?”

“ఎవరూ పట్టుకోనక్కర్లేదు. మేం ముగ్గురం ఆడవాళ్ళమే, ఆమెకి మగ తోడు అక్కర్లేదు.”

అతను తలుపు వైపు కదిలాడు. ముతహర్ లాంటి మగ డాక్టరైతే భర్త గదిలో ఉండి తీరాలి. ఆడ డాక్టరు దగ్గర ఉండి తీరాలని ఎక్కడా లేదు. వెళ్తూ ఫైలు బల్ల మీద పెట్టి, ఎర్ర సిరా కాగితం పైకి కనిపించేలా సర్ది మరీ వెళ్ళాడు.

ఇవాళ దవడ మూడున్నర వేళ్ళు తెరుచుకుంది. ఉలూఫ్ అద్దంతో కుడి బుగ్గని పక్కకి లాగి పట్టింది. దీపం వెలుగు లోపలికంటా పడింది. బుగ్గ లోపలి చర్మం, వెనక పళ్ళకి ఎదురుగా, రూపాయి బిళ్ళంత మేర తెల్లగా, మందంగా, ముడతలు పడి ఉంది. అక్కడి చిగురు వేళ్ళు కనిపించేంత కిందికి జారింది. రెండు పళ్ళ సందులో ఆకుపచ్చటి మరక.

అలాంటి బుగ్గల్ని ఆమె రోజుకి పది చూస్తుంది. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా చెప్పగలదు. అయినా ఒక్క క్షణం అదేమిటో తట్టలేదు. మగవాళ్ళ నోట్లో ఉండాల్సింది ఇక్కడికెలా వచ్చిందన్నట్టు చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లిగా అద్దం బయటికి తీసి, బేసిన్‌లో పెట్టింది. శనివారం తఖియ కొట్టిన అడ్డగీత కళ్ళ ముందు కదిలింది. మూడేళ్ళుగా అలాంటి గీతలు వందలు చూసి, ఒక్కసారి కూడా ఇదేమిటని అడగలేదు. అంతకంటే సిగ్గు ఏమిటంటే, ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కచెల్లెళ్ళతో కూర్చుని తనూ రెండు రెమ్మలు నములుతుంది. తన కాగితం తఖియ నింపితే అందులోనూ అడ్డగీతే.

స్టూలు దగ్గరికి లాక్కుని, మొహంలో మొహం పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

“అమ్మా, ఆకు ఎప్పుడు నమిలారు? చివరిసారి.”

గుసూన్ తలుపు వైపు చూసింది. తఖియ చేతిలో ట్రే ఆగిపోయింది.

“బయట చాలా దూరంలో ఉన్నాడు. నేనూ నములుతాను. చెప్పండి.”

గుసూన్ ముసుగు అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత నెమ్మదిగా, వాచిన దవడ కదిలినంత మేర చెప్పింది. నిన్న మధ్యాహ్నం, పక్కింట్లో, ఆడవాళ్ళంతా కూర్చున్నప్పుడు. నొప్పి వైపే పెట్టుకుంది, అలా పెట్టుకుంటే నొప్పి కాస్త సద్దుమణుగుతుందని. ఆరేళ్ళ నుంచీ ఉందట అలవాటు. ఇంట్లో తెలియదు. తమ ఇంట ఏ ఆడదీ ఆకు ముట్టలేదని షాయిఫ్ తండ్రి పదిమందిలో చెప్పుకుని చచ్చిపోయాడు, ఇప్పుడు షాయిఫ్ చెప్పుకుంటున్నాడు. చెప్పుకునేటప్పుడు అతని బుగ్గలోనూ ఉండేది అదే ఆకు. అది వేరే సంగతి.

“ముతహర్‌గారు సూది వేసిన రోజు?”

“గంట ముందే ఉమ్మేశాను తల్లీ. నొప్పి ఆగక ఆ రోజు మధ్యాహ్నం దాటాక, అసర్ నమాజు వేళకి వచ్చాం. గుండె పగిలిపోతుందనుకున్నాను. మా ఆయన నీళ్ళు తేవడానికి బయటికి వెళ్ళినప్పుడు డాక్టరుగారికి చెప్పేశాను. పాపం పెద్దాయన ఎర్రబడిపోయారు. ‘నేను కప్పి పెడతాను తల్లీ, భయపడకు’ అన్నారు.”

“మరి ఆ తర్వాత ఇద్దరు డాక్టర్లకి ఎందుకు చెప్పలేదు?”

“ఏం చెప్పను? ఆకు తిన్న ఒంటికి మత్తు పడదు, అందుకే ఆయన అలా రాశారనుకున్నాను. తిన్నదాన్ని నేను. అనుభవించాల్సిందీ నేనేగా.”

అదేదో లెక్క ప్రకారం జరిగినట్టే చెప్పింది. రెండు పళ్ళు పచ్చిగా పీకించుకున్న మనిషి, అది తన తప్పుకి శిక్ష అనుకుని నోరు మెదపకుండా కూర్చుంది. ఉలూఫ్ స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుంది. ఆకులో కూడా గుండెని పరుగెత్తించే గుణముందనీ, దాని మీద సూదిలోని అడ్రినలిన్ చేరి రెండింతలైందనీ, మత్తు మందు ఏ తప్పూ చేయలేదనీ, ఆమె కూడా చేయలేదనీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయింది. గుండె దడ పుట్టించని రకం మత్తు వేరే ఉంది, ఎప్పటినుంచో ఉంది, ఆ అలమారలోనే ఉంది అని కూడా చెప్పింది.

“ఇక్కడేనా?” అంది గుసూన్. అలమార వైపు చూసింది.

నిన్నంతా తేలని లెక్క ఇప్పుడు ఒక్క మాటతో తేలిపోయింది. నాడి చూస్తే నిమిషానికి నూటరెండు. నిన్నటి ఆకు ఇంకా పూర్తిగా దిగలేదు, ఎర్ర గొట్టం వద్దు. ఉలూఫ్ పచ్చ గొట్టం తీసింది. అయినా పెద్దాయన సంతకాన్ని ఒక్క మాట మీద కొట్టిపారేయలేక, ముంజేతి చర్మం కింద రెండు చుక్కలు వేసి, ఇరవై నిమిషాలు ఎదురుగా కూర్చుని చూసింది. చర్మం ఎర్రబడలేదు. తఖియ ఆ ఇరవై నిమిషాలూ కడిగిన పనిముట్లనే మళ్ళీ కడిగింది.

దవడ లోపలి మూలకి సూది దింపి, పిడిని వెనక్కి లాగి చూసింది. నెత్తురు రాలేదు. అప్పుడు చుక్క చుక్కగా, నిమిషం పైగా తీసుకుని మందు వదిలింది. గుసూన్ రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుని, రాబోయేదాని కోసం కళ్ళు గట్టిగా మూసుకుంది. అయిదు నిమిషాలకి ఒక కన్ను తెరిచింది.

“పెదవి ఎటు పోయింది?” అంది, వేలితో తడుముకుంటూ.

“ఉంది, కాస్త నిద్రపోతోంది,” అంది ఉలూఫ్.

చిగురు కోసి పక్కకి తిప్పింది. మబ్బు పట్టడంతో పైకప్పు మీది సోలార్ పలకలు కరెంటు సరిగా ఇవ్వక, డ్రిల్ మూలుగుతూ తిరిగింది. తఖియ బ్యాటరీ మార్చి వచ్చింది. నీళ్ళు చిమ్ముతూ, ఆగి ఆగి, ఎముక అంచు చెక్కడానికే పాతిక నిమిషాలు పట్టింది. పన్ను మధ్యకి గాడి కొట్టి, సన్నటి ఉలిలాంటి పనిముట్టు దూర్చి మెలితిప్పేసరికి టక్కున రెండు ముక్కలైంది. ముందు ముక్క వచ్చేసింది. వెనక ముక్క వేరు వంకర.

ఉలూఫ్ దానితో కుస్తీ పడుతూ ఉండగా తఖియ ఆమె మోచేతిని తాకింది. కళ్ళతో కాళ్ళవైపు చూపించింది. గుసూన్ మేజోళ్ళలో కాలివేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. మొహం మాత్రం కదలలేదు. శ్వాస కూడా మారలేదు.

ఉలూఫ్ పనిముట్టు బయటికి తీసేసింది. “నొప్పి పుడుతోందా?”

గుసూన్ కొంచెం అన్నట్టు వేళ్ళతో చూపించింది.

“ఎప్పటినుంచి?”

ఆ వేళ్ళు ఇంకొంచెం విడిపోయాయి.

“చెప్పాలి కదమ్మా.”

గుసూన్ ఆమె వైపు అయోమయంగా చూసింది. చెబితే ఆపుతారని ఆమెకి ఎవరు చెప్పారు గనక? ఉలూఫ్ ఇంకో పచ్చ గొట్టం ఎక్కించి, మళ్ళీ సూది వేసి, మళ్ళీ అయిదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ అయిదు నిమిషాల్లో గుసూన్ కళ్ళ పక్కల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తఖియ తన తల మీది గుడ్డ అంచుతో తుడిచింది. నొప్పికి కాదని ముగ్గురికీ తెలుసు.

రెండో ముక్క ఈసారి మర్యాదగా వచ్చింది. మూడు కుట్లు వేసి, మడిచిన గాజుగుడ్డ ఆ గుంట మీద పెట్టి కొరికి పట్టుకోమంది.

ఇక కాగితం. ఎర్ర వాక్యాన్ని అడ్డంగా కొట్టేయడం వరకూ తేలికే. దాని పక్కన ఏం రాయాలి? ఊరికే కొట్టేస్తే రేపు ఇంకో డాక్టరు ఎర్ర గొట్టం వేస్తాడు, ఈమె మధ్యాహ్నం ఆకు నమిలి వెళ్ళి ఉంటుంది, మళ్ళీ అదే కథ. ఖాత్ అని రాస్తే ఆ కాగితం వెళ్ళేది షాయిఫ్ చంకలోకి. గుండె బలహీనం, ఒట్టి మత్తు మాత్రమే వాడాలి, అని రాద్దామా అనుకుంది. చక్కగా సరిపోతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. కలం కాగితం మీద పెట్టాక గాని తెలియలేదు, తనూ ముతహర్‌గారి పనే చేయబోతోందని.

తలుపు తీసుకుని షాయిఫ్ వచ్చాడు. కేకలేవీ వినిపించకపోయేసరికి ఉండలేకపోయినట్టున్నాడు. భార్య మొహం చూశాడు, పళ్ళెంలో పంటి ముక్కలు చూశాడు, బల్ల మీద ఖాళీ గాజు గొట్టాలు చూశాడు.

“మత్తు వేశారా?”

“వేశాను. బాగా పడింది. గుండె నిమ్మళంగా ఉంది.”

అతను సంతోషిస్తాడనుకుంది. ఎలా పడింది అని అడుగుతాడనుకుని జవాబు కూడా వెతుక్కుంటోంది. అతను గాజు గొట్టాల కేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించాడు.

“అయితే ఆకు సంగతి మీకు చెప్పేసిందన్నమాట.”

ఉలూఫ్ కలం కింద పెట్టింది. “మీకు తెలుసా?”

“ముతహర్‌గారు ఆ రోజే బయటికి పిలిచి చెప్పారు. కాగితం మీద ఆ మాట వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. నలుగురు చూసే కాగితం డాక్టరమ్మా. ఆమెకి సిగ్గవుతుందని నాకు తెలిసినట్టు కూడా ఉండలేదు, నాలుగేళ్ళుగా.” తన మంచితనం ఇప్పటికి ఒకరికి చెప్పుకోగలిగినట్టు అతని మొహం కాస్త తేటపడింది.

“వేరే రకం మత్తు ఉందని ఆయన చెప్పలేదా?”

“చెప్పారు.” షాయిఫ్ నేల చూశాడు. “ఆకు సంగతి చెబితే డాక్టర్లు ఆ రకం వేస్తారన్నారు. చెప్పాలంటే చెప్పాలి కదా మరి. ఆమెకి ఓర్పు ఎక్కువ. ఓర్చుకుంటుందిలే అనుకున్నాను.”

గొంతు తగ్గించాడన్న మాటే గాని, అది చిన్న గది. కుర్చీలో గుసూన్ మెల్లిగా లేచి కూర్చుంది. మొహం ఎడమ సగం ఒకలా ఉంది, కుడి సగం నిద్రలో ఉంది, ఏడుస్తోందో నవ్వుతోందో ఆ మొహంలో తెలియలేదు. షాయిఫ్ వెనక్కి తిరిగి చూసి, ఆమె వైపు ఒక అడుగు వేశాడు. ఆమె అతన్ని చూడలేదు. నోట్లోంచి నెత్తుటి గాజుగుడ్డ తీసి అరచేతిలో పెట్టుకుంది.

“రాయండి డాక్టరమ్మా,” అంది. పెదవి సగం పనిచేయక మాట ముద్దగా వచ్చింది గాని, ఒక్క అక్షరం పోలేదు. “గుసూన్ ఆకు నములుతుందని రాయండి. రెండు పళ్ళు మత్తు లేకుండా పీకారని రాయండి. తల ఎవరు పట్టుకున్నారో కూడా రాయండి.”

ఉలూఫ్ కాగితం తన ముందుకి లాక్కుని రాయడం మొదలుపెట్టింది. తఖియ కొత్త గాజుగుడ్డ మడిచి గుసూన్ నోట్లో పెట్టి, అరగంట దాకా మాట్లాడకూడదు, గట్టిగా కొరికి పట్టుకోవాలి అని చెప్పింది. గుసూన్ గట్టిగా కొరికి పట్టుకుంది. కుర్చీ దిగడానికి సాయంగా షాయిఫ్ రెండు చేతులూ చాచాడు. ఆమె ఆ చేతుల్ని కాసేపు చూసింది. తర్వాత తఖియ భుజం పట్టుకుని దిగింది.